ఉద్యానశిల్పము – ఔచిత్యవిచారము

ప్రబంధకవులకు ఉద్యానము అష్టాదశవర్ణనములలో నొకటి, జలక్రీడ మఱియొకటి. నాయిక చెలులతో తోటకు పోవును, పువ్వులు కోయును, కొలనిలో క్రీడించును. కవి ఆ నెపమున తీగలను, తుమ్మెదలను, చలువరాతి మెట్లను, నీరు చిమ్ము జలయంత్రములను వర్ణించును. అట్టి వర్ణనమును చదువునప్పుడు విమర్శకుడు అడుగు ప్రశ్న యొక్కటే: ఇది కథకును రసమునకును తగియున్నదా, లేక కవి తన నేర్పును చూపుటకై తెచ్చిపెట్టినదా? మాటలతో కట్టిన తోటకు వర్తించు ఈ ప్రశ్న రాతితో, నీటితో, చెట్లతో కట్టిన తోటకును వర్తించును. వృక్షశాస్త్రోద్యానములలో నిలిపిన ప్రతిమలను, జలయంత్రములను ఔచిత్యదృష్టితో పరిశీలించుట ఈ వ్యాసమునకు ఉద్దేశము. అందులకు ప్రధానోదాహరణముగా గ్రహించినది లండను నగరపు నైరుతిభాగమున, థేమ్సునది యొడ్డున నున్న క్యూ రాజోద్యానము.

క్షేమేంద్రుడు 11వ శతాబ్దమున 'ఔచిత్యవిచారచర్చ'లో కావ్యమునకు ఔచిత్యమే ప్రాణమని సిద్ధాంతీకరించెను. ఆభరణము మేలిమిబంగారమే యైనను తనది కాని చోట ధరింపబడినచో నవ్వు తెప్పించునే గాని శోభను కూర్చదని ఆయన వాదము. ఇందలి కీలకము అలంకారమునకును అలంకార్యమునకును గల సంబంధము. విహారోద్యానమునందు అలంకార్యము విహరించువాని సుఖము. కావున అచ్చట ప్రతిమ కంటికి ఇంపైన చాలును. వృక్షశాస్త్రోద్యానము అట్టిది కాదు. అందు చెట్టునకు పేరుపలక యుండును. దానిపై జాతి, కుటుంబము, జన్మస్థానము వ్రాయబడి యుండును. అచ్చటి చూపరి చదువరియు నగును. అచ్చట అలంకార్యము వృక్షమే. కనుక అందలి శిల్పమును గూర్చి మనము అడుగవలసినది ఇది: ఆ ప్రతిమ చెట్టును గూర్చి చూపరికి ఏమైన చెప్పుచున్నదా, లేక చెట్టును తన వెనుక తెరగా కట్టుకొనుచున్నదా?

ఈ సూత్రమునకు తేటయైన లక్ష్యము ఇటలీదేశమునందలి పాదువా విశ్వవిద్యాలయోద్యానము. 1545లో వైద్యవిద్యార్థులకు ఓషధులను గుర్తుపట్ట నేర్పుటకై నెలకొల్పబడిన ఈ తోట నేటికిని తన మొదటి స్థానముననే యున్నది. దాని నడిమిభాగము వలయాకారము. ఆ వలయము భూలోకమునకు సంకేతము. దాని చుట్టును జలవలయము. జంబూద్వీపమును లవణసముద్రము చుట్టియున్నదని చదివిన మనకు ఈ కల్పనము కొత్తగా తోపదు. ఆ తోటలో థియోఫ్రాస్టసు ప్రతిమయు, సొలోమోను ప్రతిమయు, నాలుగు ఋతువుల పేర వెలసిన జలయంత్రమును కలవు. థియోఫ్రాస్టసు అరిస్టాటిలునకు శిష్యుడు, వృక్షములను శాస్త్రదృష్టితో వర్గీకరించి గ్రంథము వ్రాసినవాడు. సొలోమోను మహావృక్షము మొదలు గోడపై మొలచు చిన్నమొక్క వఱకు తెలిసి పలుకగలవాడని బైబిలు చెప్పిన రాజు. ఋతువులు చెట్టునకు చిగురునిచ్చి పండునిచ్చి ఆకు రాల్చు కాలస్వరూపములు. శాస్త్రము, ప్రజ్ఞ, కాలము – ఈ మూడింటిలో ఏదియు చెట్టునకు పరాయిది కాదు. ఇచ్చట విమర్శకునకు పని తక్కువ.

పాదువాలో సులభమైన నిర్ణయము క్యూలో సులభము కాదు. పాదువా విద్యాపీఠము పెంచిన తోట. క్యూ రాజకుటుంబము పెంచి, పిమ్మట ప్రజలకు విడిచిన తోట. 1759లో రాకుమారి ఆగస్టా తొమ్మిదియెకరముల భూమిలో ఓషధీవనమును నాటించినది. ఆమె కొఱకు విలియం చేంబర్సు అను వాస్తుశిల్పి గ్రీకు దేవతల పేర చిన్నచిన్న మందిరములను, 1762లో పదియంతస్తుల చీనా గోపురమును కట్టెను. 1840లో తోట రాజ్యమునకు సంక్రమించినది. 1841లో విలియం హుకరు దానికి అధిపతి యయ్యెను. 2003లో యునెస్కో ప్రపంచవారసత్వస్థానముగా గుర్తించినది. ఇట్లు రాజవిలాసము, వృక్షశాస్త్రము, సామ్రాజ్యవాణిజ్యము, ప్రజావినోదము అను నాలుగుపొరలు ఒకదానిపై నొకటి పేరుకొన్న చోటు క్యూ. అందలి శిల్పములు ఒక్క మనస్సు సంకల్పించినవి కావు. కావుననే అవి పరీక్షకు తగియున్నవి.

ఆ తోటకు కేంద్రము తాళజాతి వృక్షములకై కట్టిన గాజుటిల్లు. దీనిని తాళగృహమందము. 1844 – 1848 సంవత్సరముల నడుమ డెసిమస్ బర్టను, రిచర్డ్ టర్నరు అనువారు ఇనుపకమానులతో దీనిని నిర్మించిరి. దాని నిడుపు 360 అడుగులకు పైబడినది. ఉష్ణమండలపు చెట్టు చలిదేశమున బ్రతుకుటకు కావలసిన వేడిని నేలక్రింది కొలుములు ఇచ్చినవి. పొగ సొరంగమార్గమున పోయి, దూరమున గోపురమువలె కనబడు పొగగొట్టముగుండ వెలువడునట్లు ఏర్పాటు చేసిరి. తాళగృహమునకు ఎదుట కొలను. కొలనికిని ఇంటికిని నడుమ పూలమళ్ళు. క్యూలో మిక్కిలి కనబడు శిల్పములు ఈ చోటనే యున్నవి.

మొదట తాళగృహము ముందు వరుసతీరిన పది మృగములను చూతము. వీనికి 'రాణిగారి మృగములు' అని పేరు. 1953 జూను 2న రెండవ ఎలిజబెత్తు పట్టాభిషేకమునకై జేమ్స్ వుడ్‌ఫర్డు అను శిల్పి ఆరడుగుల యెత్తున వీని మూలరూపములను పోతపోసెను. వెస్ట్‌మినిస్టరు దేవాలయద్వారమున అవి నిలిచినవి. వానిని పోలిన పోర్ట్‌లాండు శిలాప్రతిమలను, పేరు చెప్పుకొనని దాత యొకడు 1956లో క్యూకు ఈయగా, 1958లో వానిని ఇచ్చట నిలిపిరి. సింహము, ఒంటికొమ్ము గుఱ్ఱము, డేగ, వృషభము, వేటకుక్క, డేగముఖపు సింహము మున్నగునవి ముందుకాళ్ళతో వంశచిహ్నములుగల డాలులను పట్టుకొని కూర్చున్నవి. ఒక్కొక్కటి రాణి పూర్వవంశములలో నొకదానికి గుర్తు.

శిల్పదృష్టితో వీనియందు దోషము వెదకుట కష్టము. ఱొమ్ము విఱుపు, జూలు ముడులు, డాలు అంచుల కచ్చితత్వము శిల్పి చేతిలోని పట్టును తెలుపుచున్నవి. వీని పక్షమున చెప్పదగిన మాటలు కూడ కలవు. నిడుపైన గాజుభవనమునకు ముందు చూపును నిలుపుటకు ఒక వరుస కావలెను. మెరయు గాజునకు ముందు మసకరాయి తగిన జోడు. మఱియు ఈ తోట పుట్టుక రాజగృహముననే కదా, రాజచిహ్నములు ఉండుట చరిత్రమునకు అనుగుణమే కదా అని యొకరు అనవచ్చును. మొదటిమాట అంగీకార్యము. రెండవమాట విచార్యము. చరిత్రసత్యము వేఱు, ఔచిత్యము వేఱు. కావ్యనాయకుని వంశావళి నిజమైనంతమాత్రమున దానిని విరహవర్ణన నడుమ పఠించినచో రసభంగము తప్పదు. హంపీ విఠలాలయపు మండపములలో స్తంభమునుండి ఎగసి నిలిచిన యాళిని తలచుకొనుడు. ఆ మృగమును లోకమున చూచినవాడు లేడు. అయినను అది స్తంభమునందు ఒక భాగమై, పైకప్పు బరువును తానే మోయుచున్నట్లు మనకు తోచును. క్యూ మృగములు మోయునది డాలు మాత్రమే. వానిని తీసి వేఱొక రాజభవనపు ముంగిట నిలిపినచో వాని అర్థమునకు కొఱత రాదు. తాళగృహమునకును కొఱత రాదు. అలంకారమును తీసివేసినను అలంకార్యము చెక్కుచెదరకున్నచో వాని సంబంధము పైపూత వంటిదే. వెనుకనున్న వేలకొలది గాజుపలకలు, వాని వెనుక ఊపిరి పీల్చు తాళవృక్షములు, ఈ పదింటికిని తెరగా మాఱినవి.

పూలమళ్ళు దాటిన కొలనియందు హెర్క్యులీసు ప్రతిమ కలదు. ఫ్రెంచి శిల్పి బోసియో కల్పనము ఇది. 1826లో కంచున పోతపోయబడి, నాలుగవ జార్జిరాజు సొత్తయి, విండ్సరు కోటలో నుండి, 1963లో క్యూకు వచ్చినది. ఇదియు రాజభవనమునుండి వచ్చినదే. కాని దీని గతి వేఱు.

కథ ఇది. ఆకెలోయసు ఒక నదీదేవత. డియనైరా అను కన్యకై అతడును హెర్క్యులీసును పెనగిరి. నది పామై మెలికలు తిరిగెను; వీరుడు దానిని పట్టి అణచెను. నది వృషభమై కుమ్మవచ్చెను. వీరుడు కొమ్ము విఱిచెను. ఆ కొమ్మును జలకన్యలు పండ్లతో, పూలతో నింపగా అది తరుగని సమృద్ధికి చిహ్నమయ్యెను. శిల్పి ఎన్నుకొన్నది పాము ఘట్టము. కండలు బిగించిన వీరుడు, వాని తొడను చుట్టుకొన్న సర్పము, ఎత్తిన చేయి – చూపు వీనిమీదనే నిలుచును.

తెలుగు చదువరికి ఇచ్చట వసుచరిత్రము తోపకపోదు. రామరాజభూషణుని కావ్యమున శుక్తిమతీనదిని కోలాహలపర్వతము అడ్డగించును. వసురాజు ఆ కొండను కాలితో చిమ్మివేసి నదికి దారి యిచ్చును. నదికిని కొండకును పుట్టిన గిరికను పెండ్లాడును. రెండింటను వీరుడు, నది, కన్య కలరు. భేదమంతయు వీరుడు నదిపట్ల చూపిన తీరునందున్నది. గ్రీకువీరుడు నదిని లొంగదీసి కన్యను గెలిచెను. వసువు నదిని విడిపించి కన్యను పొందెను. ఒకచోట జలము శత్రువు. ఒకచోట జలము అత్తగారు. సారస్వతమున ప్రకృతితో మానవుడు ఎట్టి చుట్టరికము కలుపుకొనెనో తెలిసికొనుటకు ఇట్టి భేదములు పనికివచ్చును.

అయినను హెర్క్యులీసు ప్రతిమ క్యూ కొలనిలో అనుచితము కాదు. నదీదేవత నీటినడుమ నుండుట సహజము. కథ చివరకు పూలకు, పండ్లకు చేరును గనుక తోటకును దానికిని బంధుత్వము కలదు. దీనికి మించి, శిల్పి ఊహింపని వ్యంగ్యమొకటి సన్నివేశబలముచే పుట్టినది. ఎదుట నున్న తాళగృహము కూడ ప్రకృతిని పట్టి అణచిన పనియే కదా! శీతోష్ణములను మానవుడు ఇనుముతో, గాజుతో, మంటతో లొంగదీసినాడు. పామును అణచు వీరుడు ఆ సాహసమునకు రూపమై నిలుచుచున్నాడు. కాని ఈ అర్థము కండలవాచ్యమునకు లోబడియున్నది. కథ తెలియనివానికి అది అందదు. లాక్షణికులు గుణీభూతవ్యంగ్యమనునది ఇట్టిదే.

మన శాస్త్రములలో జలయంత్రమునకు గల స్థానమును ఇచ్చట స్మరింపవలెను. భోజుని 'సమరాంగణసూత్రధారము' యంత్రాధ్యాయమున ధారాగృహములను వర్ణించుచు, వాన కురియు గృహమును, నీటమునిగిన గృహమును పేర్కొన్నది. అందు నీరు ప్రతిమకు తోడు కాదు. ప్రతిమయే నీటికి తోడు. వానను ఇంటిలోనికి తెచ్చుకొనవలెనను వేసవిదేశపు కోరికనుండి పుట్టిన కల్పనమది. మేఘము తక్కువగాని దేశమున జలయంత్రము వినోదము. ఎండదేశమున అది ప్రాణము. ఒకే వస్తువు దేశభేదముచే భిన్నార్థము నిచ్చుననుటకు ఇది నిదర్శనము.

చేంబర్సు 1758లో కట్టిన చిన్నమందిరమొకటి అరెథ్యూసా పేర నున్నది. అరెథ్యూసా తన్ను వెంటాడిన నదీదేవతను తప్పించుకొనుటకు నీటిబుగ్గగా మాఱిన వనకన్య. మందిరము విలాసమునకై కట్టబడినది. దాని వాస్తువున గొప్పతనమేమియు లేదు. కాని తరువాతి కాలమున, ప్రపంచయుద్ధములలో మరణించిన క్యూ ఉద్యోగుల పేర్లు అందు నిలిపిరి. పూలమళ్ళు త్రవ్వినవారు, విత్తులు వేఱుచేసినవారు పోరాటభూములకు పోయి తిరిగిరాలేదు. వారి పేర్లు నీటిబుగ్గగా మాఱిన కన్య మందిరమున నిలిచినవి. అరెథ్యూసా కథయు ప్రాణి తన రూపమును కోల్పోయి మఱియొక రూపమున ప్రవహించుటను చెప్పుచున్నది. నిర్మాత తలపోయని కరుణరసము పేర్లపలక వలన ఆ మందిరమునకు సిద్ధించినది. ఉద్యానమున తోటమాలి పేరు చదువుటకంటె ఉచితమేమి?

ఈ దారిలోనిదే హేమో థార్నిక్రాఫ్టు చేసిన 'విత్తులు చల్లువాడు'. 1886లో లోకమునకు తెలిసిన ఈ కంచుప్రతిమ 1929 నుండి క్యూలో నున్నది. రైతు ఒకడు అడుగు ముందుకు వేయుచు, చేతిని విసరి విత్తనము చల్లుచున్నాడు. ఫ్రెంచి చిత్రకారుడు మిల్లే చూపిన మార్గమున కూలివానిని, కర్షకుని శిల్పమునకు నాయకునిగా గ్రహించిన కాలపు కృతి ఇది. గొఱ్ఱు, జడ్డిగము తెలిసిన మన రైతునకు కూడ చేతితో వెదజల్లుట తెలిసిన పనియే. నాలుగు వ్రేళ్ళ సందున విత్తు జాఱు తీరు, అడుగుకును విసురుకును గల లయ అతడు చూచిన వెంటనే గుర్తించును. ఇందు డాలు లేదు, వంశము లేదు, దేవత లేదు. వెనుకనున్న చెట్లన్నియు ఒకనాడు ఇట్టి చేతినుండి జాఱిన విత్తులే యను భావము మాటలాడకయే తోచును. ప్రతిమను తీసినచో తోట అర్థమున ఒక చరణము లోపించును. ఇది ధ్వని.

ఇటీవలి కృతులలో 'తేనెపట్టు' అనుదానిని పేర్కొనక తప్పదు. వుల్ఫ్‌గాంగ్ బట్రెసు 2015లో మిలాను ప్రపంచప్రదర్శనమునకై దీనిని రూపొందించెను. 2016లో దీనిని క్యూకు తెచ్చి నిలిపిరి. 17 మీటర్ల యెత్తున, సుమారు 1,70,000 అల్యూమినియపు ముక్కలతో అల్లిన జాలము ఇది. క్యూలోని నిజమైన తేనెపట్టునందు ఈగల కదలికవలన పుట్టు ప్రకంపనములను యంత్రములు గ్రహించి పంపగా, వాని ననుసరించి సుమారు వేయి దీపములు ఎక్కువ తక్కువలుగ వెలుగునట్లు కూర్చిరి. నాదమును ఈగల ఝంకారమునకు శ్రుతి కలిపిరి. ఇందు సాదృశ్యము ఊహామాత్రము కాదు. ఈగ కదలినచో దీపము కదలును. కార్యకారణసంబంధముచే ఉపమేయము ఉపమానమును నడపుట కావ్యమున దుర్లభము. వెలుగు, నాదము మిక్కిలి ఆకర్షకములగుటచే చూపరి పూవుపై వ్రాలిన నిజమైన ఈగను మఱచిపోవు ప్రమాదము కలదు. అయినను ఈగ లేనిచో పిందె లేదని తెలుపు శిల్పము పూలతోటకు బంధువే గాని అతిథి కాదు. 2007 – 2008లో హెన్రీ మూరు శిల్పములవలె కొన్ని నెలలు ప్రదర్శింపబడి వెళ్ళిన కృతులు అతిథులు. వానిని ఇదే తూనికతో తూచుట న్యాయము కాదు.

ఇంతవఱకు ఉన్న శిల్పములను గూర్చి చెప్పితిమి. ఔచిత్యవిచారము లేనివానిని గూర్చి కూడ మాటలాడవలెను. ఈ తోటకును తెలుగుదేశమునకును గల సంబంధము ఇచ్చటనే బయటపడును. విలియం రాక్స్‌బర్గు 1793లో కలకత్తా ఉద్యానమునకు పోవుటకు ముందు చాలకాలము సామర్లకోటలో నుండి, తెలుగుతీరపు మొక్కలను పరిశీలించెను. భారతీయ చిత్రకారులచే వానిని వ్రాయించెను. ఆ చిత్రములనుండి మూడువందలను ఎన్నుకొని, క్యూకు చిరకాలము మార్గదర్శియైన జోసెఫ్ బ్యాంక్సు పర్యవేక్షణమున 'కోరమండలతీరపు మొక్కలు' అను గ్రంథమును 1795 మొదలు మూడు సంపుటములుగ ప్రకటించిరి. అందు మొక్కలకు తెలుగుపేర్లును ఈయబడినవి. రాక్స్‌బర్గు వ్రాయించిన చిత్రములు రెండువేల అయిదువందల దాక క్యూ భాండాగారమున కలవు. సోమిద యను మన చెట్టుపేరు 'సోయ్‌మిడ' అను రూపమున లాటిను శాస్త్రనామమై నేటికిని నిలిచియున్నది. గ్రంథముఖపత్రమున రాక్స్‌బర్గు పేరు కలదు, బ్యాంక్సు పేరు కలదు. ఆకు ఈనెను, పుప్పొడి తిత్తిని కుంచెతో దించిన చిత్రకారుని పేరు లేదు. అడవినుండి కొమ్మ తెచ్చి దాని పేరు చెప్పిన వాని పేరును లేదు. సామ్రాజ్యకాలపు వృక్షశాస్త్రము కట్టిన ఇంటికి పునాది ఇట్టి పేరులేని చేతులు.

ఇప్పుడు పది మృగములను మరల తలచుకొన్నచో వాని అనౌచిత్యము కంటికి కాక బుద్ధికి తోచును. దోషము రాజచిహ్నము ఉండుటలో కాదు. జ్ఞానమును కూర్చినవారు కనబడని చోట రాజచిహ్నమే ప్రధానస్థానమును ఆక్రమించుటలో నున్నది. ప్రతిమ యనునది తోట ఎవరికి ఋణపడియున్నదో చెప్పు వాక్యము. ఆ వాక్యమున కర్త మాఱినచో అర్థము మాఱును. అరెథ్యూసా మందిరము తోటమాలులకు ఆ ఋణమును కొంత తీర్చినది. విత్తులు చల్లువాడు కర్షకజాతికి తీర్చినాడు. చిత్రకారునకు, పేరు చెప్పిన పల్లెవానికి తీరవలసిన ఋణము మిగిలియున్నది.

కావున క్యూ శిల్పములను మన లాక్షణికుల పరిభాషలో ఇట్లు నిర్ణయింపవచ్చును. రాణిగారి మృగములు చిత్రకావ్యము వంటివి: నేర్పు కలదు, వ్యంగ్యము లేదు. హెర్క్యులీసు గుణీభూతవ్యంగ్యము: అర్థము కలదు, కాని కండలకు లోబడినది. విత్తులు చల్లువాడు, పేర్లు మోయు అరెథ్యూసా మందిరము, తేనెపట్టు ధ్వనిస్థానమునకు చెందినవి: అవి చెట్టును మఱుగుపఱుపక, చెట్టు బ్రతుకునకు కావలసిన చేతిని, త్యాగమును, ఈగను చూపుచున్నవి. మృగములను తొలగింపవలెనని ఈ విమర్శ చెప్పుట లేదు. చరిత్రమున నిలిచినదానిని తుడిచివేయుట విమర్శకుని పని కాదు. దాని ప్రక్కన ఏది లోపించెనో చూపుట అతని పని.

రాక్స్‌బర్గు గ్రంథమునందలి తెలుగుపేర్లను ఆంగ్లలిపినుండి విడిపించి, నేటి పల్లెల వాడుకతో సరిచూచి, నిఘంటువులలో చేరనివానిని వేఱుపఱచుట మన భాషాశాఖలలోని పరిశోధకులకు తగిన కార్యము. రాతితో నిలుపలేని స్మారకమును మాటతో నిలుపవచ్చును. మొక్కకు దాని పేరును, పేరునకు దాని ప్రజను తిరిగి చేర్చినప్పుడు, ఆ ఋణములో మనవంతు కొంతయైన తీరును.